వారాలబ్బాయి వయొలిన్

1930లలో కృష్ణా జిల్లా చౌటపల్లికి చెందిన ఒక కుర్రవాడు వేలి ఉంగరం అమ్ముకుని, సంగీతం నేర్చుకోవాలని విజయనగరం చేరుకున్నాడు. తండ్రి అప్పటికే లేడు. చేతిలో డబ్బు అయిపోయాక జోలె పట్టుకుని మధూకరానికి బయలుదేరాడు. తుమ్మెద పువ్వు పువ్వుకూ తిరిగి తేనె కూర్చుకున్నట్లు ఇల్లిల్లూ తిరిగి అన్నం అడిగి తెచ్చుకోవడమే మధూకరం. పట్రాయని సీతారామశాస్త్రి అతనికి పాఠం చెప్పారు, ఆదరించారు. పాఠానికి గురువు, భోజనానికి ఊరు. ఆ కుర్రవాడు ఘంటసాల వెంకటేశ్వరరావు కావడం వల్ల ఈ కథ నిలిచింది. అదే వీధుల్లో అదే జోలెతో తిరిగి, ఏ పాటకూ పేరు చేరకుండా మిగిలిపోయినవారు ఎందరో ఉండి ఉంటారు.

మధూకరానికి కాస్త పెద్దమనిషి తరహా రూపం వారాలు. ఆదివారం ఒకరింట, సోమవారం మరొకరింట, ఇలా ఏడు రోజులకు ఏడు ఇళ్ళు. ఏ ఇంటికీ పెద్ద భారం కాదు, ఏడు ఇళ్ళు కలిస్తే ఒక విద్యార్థికి ఏడాది గడిచిపోతుంది. సంఘం లేదు, చందా పుస్తకం లేదు, తీర్మానాలు లేవు. స్వచ్ఛంద విరాళాలతో చదువు చెప్పించే పద్ధతుల్లో ఇంత తక్కువ ఖర్చుతో, ఇంత చక్కగా నడిచినది అరుదు. అయితే దాన్ని తలచుకుని మురిసిపోయే ముందు రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. ఈ ఏర్పాటు చాలావరకు బ్రాహ్మణ కుర్రవాళ్ళకే దక్కింది. ఎంత గొంతు ఉన్నా, ఎంత ఆకలి ఉన్నా మిగిలిన కులాల పిల్లవాడికి ఆ ఏడు గుమ్మాలూ తెరుచుకునేవి కావు, ఆడపిల్ల ఊసే లేదు. రెండవది, వారాలబ్బాయికి భోజనంతోపాటు ఆ ఇంటి పనులూ వడ్డించేవారు. నీళ్ళు తోడడం, అంగడికి వెళ్ళడం, చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దించడం. అందరూ తిన్నాక తినడం, కూర అయిపోతే అడగకుండా ఉండడం అతనికి ఎవరూ చెప్పకుండానే తెలిసేవి.

స్కాలర్‌షిప్‌కు తెలుగులో స్థిరపడ్డ మాట ఉపకార వేతనం. ఆ సమాసంలో ఉపకారం ముందుంది, వేతనం వెనకుంది. ఉపకారం చేసినవాడికి ఏదో ఒకటి తిరిగి కావాలనిపించడం మానవ సహజం. సంగీతం నేర్చుకునే పిల్లల విషయంలో ఆ తిరిగి ఇచ్చుకునేది ఏమిటన్నది అయిదారు వందల ఏళ్ళుగా దేశదేశాల్లో రకరకాలుగా తేలుతూ వచ్చింది. ఈనాడు అమెరికా, ఇంగ్లండ్ నగరాల్లో శనివారం ఉదయాలు పిల్లల్ని యూత్ ఆర్కెస్ట్రా సాధనకు దింపి కారులో కూర్చుని ఎదురుచూసే తెలుగు తల్లిదండ్రులు చాలామందే ఉన్నారు. ఆ ఆర్కెస్ట్రాలు ఇచ్చే సంవత్సరాంతపు విజ్ఞప్తి లేఖలో ‘ఉపకార వేతన నిధి’ అని ఒక గడి ఉంటుంది. ఆ గడి వెనుక ఉన్న చరిత్ర చాలా పెద్దది, అక్కడక్కడ చీకటిది కూడా.

సంగీత కళాశాలకు పాశ్చాత్య భాషలన్నిటిలోనూ ఉన్న పేరు కన్సర్వేటరీ. ఈ మాటకు సంగీతంతో మొదట్లో ఎలాంటి సంబంధమూ లేదు. ‘కాపాడడం’ అన్న ఇటాలియన్ ధాతువు నుంచి పుట్టిన ఈ పేరు నేపుల్స్ నగరంలో అనాథ శరణాలయాలకు పెట్టినది. 16వ శతాబ్దిలో అక్కడ అలాంటి శరణాలయాలు నాలుగు ఏర్పడ్డాయి. వాటిలో సాంతా మరియా ది లొరేతో 1537 నాటిది; ‘యేసుక్రీస్తు పేదబిడ్డలు’ అన్న అర్థం వచ్చే పేరుతో మరొకటి 1589లో వెలిసింది. వీధిలో దొరికిన పిల్లలకు తిండి, బట్ట, ఏదో ఒక చేతిపని నేర్పడం వీటి ఉద్దేశం. చర్చిల్లో, ఊరేగింపుల్లో పాడేవారికి గిరాకీ ఎక్కువ కావడంతో చేతిపనుల్లో సంగీతం ముందుకొచ్చింది. కాలక్రమాన శరణాలయం పోయి సంగీత పాఠశాల మిగిలింది. పేరు మాత్రం పాతదే.

ఈ పిల్లల పోషణకు భక్తులు విరాళాలిచ్చేవారు, వీలునామాల్లో ఆస్తులు రాసేవారు. అవి చాలక పిల్లలే సంపాదించాల్సి వచ్చేది. పండుగ ఊరేగింపుల్లో వాయించడం, శవయాత్రల్లో పాడడం వారి పని. పసిపిల్లలు చనిపోయినప్పుడు ఈ పిల్లలకు దేవదూతల వేషం వేసి శవం పక్కన నిలబెట్టేవారు. ఇరవై ఆరేళ్ళకే క్షయతో కన్నుమూసిన పెర్గొలేసీ ‘పేదబిడ్డల’ శరణాలయంలోనే చదివాడు. అక్కడ ఉండగా ఊరేగింపులకు వెళ్ళే వయొలిన్ పిల్లల జట్టుకు నాయకుడిగా పనిచేశాడు.

1770లో ఇంగ్లిష్ సంగీత చరిత్రకారుడు చార్ల్స్ బర్నీ ఈ శరణాలయాల్లో ఒకటైన సాంత్ ఒనోఫ్రియోను చూసి వచ్చి వర్ణించాడు. మెట్ల మీద ఒక పిల్లవాడు ట్రంపెట్ ఊదుతున్నాడు, పై మెట్ల మీద మరొకడు ఫ్రెంచ్ హార్న్. ఒకే గదిలో ఏడెనిమిది హార్ప్సికార్డులు, అంతకన్నా ఎక్కువ వయొలిన్లు, పాడే గొంతులు, ఎవరి పాఠం వారిది, ఎవరి శ్రుతి వారిది. పడుకునే మంచాలే కూర్చునే పీటలు. ఆ గోలలో తప్పు వినపడదు గనుక తప్పు దిద్దుకోవడం ఎలాగని బర్నీ విసుక్కున్నాడు. బర్నీ ఇంకో సంగతి కూడా గమనించాడు. పై అంతస్తులో వెచ్చని గదులు కొందరు పిల్లలకే కేటాయించారు. వాళ్ళకు జలుబు చేయకూడదు. వాళ్ళు కాస్త్రాతిలు, అంటే గొంతు మారకుండా ఉండడానికి యవ్వనానికి ముందే వృషణాలు పనిచేయకుండా చేసిన పిల్లలు.

ఈ విషయం మీద సంగీత గ్రంథాలు కాస్త సిగ్గుపడుతూ మాట్లాడతాయి, వైద్యం తెలిసినవారు అలా దాటవేయలేరు. ఆ శస్త్రచికిత్సకు చట్టం ఒప్పుకోదు, చర్చి బహిష్కరణ విధిస్తుంది. అందుకని ప్రతి పిల్లవాడి వెనుకా ఒక కథ ఉండేది: గుర్రం మీద నుంచి పడ్డాడని, పంది కరిచిందని, పుట్టుకతోనే జబ్బు అని. టెస్టోస్టిరాన్ లేకపోవడం వల్ల స్వరపేటిక పెరగదు. కానీ ఎముకల చివర్లు సకాలంలో మూసుకోక కాళ్ళూ చేతులూ అసాధారణంగా పొడవవుతాయి. పక్కటెముకల గూడు పెద్దదవుతుంది. పిల్లవాడి గొంతుకు పెద్దవాడి ఊపిరి తోడవుతుంది. ఆ మేళవింపు కోసం యూరప్ ఒపేరాలు డబ్బు గుమ్మరించాయి. ఆ డబ్బు చూసే బీద తల్లిదండ్రులు కొడుకును అప్పగించేవారు. పేరు తెచ్చుకున్నవారు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినంతమంది, మిగిలినవారు పల్లె చర్చిల్లో పాడుతూ పెళ్ళి లేకుండా ముసలివారయ్యారు. ఈ శరణాలయాల్లో చివరిదాకా మిగిలినవి 19వ శతాబ్ది తొలి ఏళ్ళకు ఒకటిగా కలిసిపోయాయి. వాటి వారసురాలైన సంగీత కళాశాల నేపుల్స్‌లో ఇప్పటికీ ఉంది.

వెనిస్ నగరం ఇంత క్రూరం కాదు. అక్కడి నాలుగు ధర్మశాలల్లో 1346 నాటి పియెతా అనాథ శిశువులది. ఇన్‌కురాబిలి మొదట్లో సిఫిలిస్ రోగుల ఆసుపత్రి. ఆ పేరుకే ‘నయం కానివారు’ అని అర్థం. ఈ నాలుగింటిలోనూ ఆడపిల్లలకు సంగీతం నేర్పారు. 1703లో వివాల్ది పియెతాలో వయొలిన్ ఉపాధ్యాయుడిగా చేరాడు. ఇంటిపేరు లేని అమ్మాయిలకు వాద్యమే ఇంటిపేరయింది. ‘వయొలిన్ అన్నా మరియా’ కోసం వివాల్ది రాసిన కచేరీలు ఈనాటికీ వింటున్నాం. ఆ రోజుల్లో ఆడవాళ్ళు బసూన్, డబుల్ బేస్ వాయించడం యూరప్‌లో మరెక్కడా కనబడేది కాదు, చూడడానికి యాత్రికులు వచ్చేవారు. ధర్మశాల చర్చిలో కుర్చీలకు అద్దె వసూలు చేసేవారు. ఆ అద్దె, సంపన్నుల వీలునామాలు, పియెతా పాలకవర్గంలోని గొప్పింటివారి చందాలు కలిసి పిల్లల్ని పోషించాయి. పెద్దమ్మాయిలు చిన్నపిల్లలకు పాఠం చెప్పేవారు, అందువల్ల ఉపాధ్యాయుల జీతమూ కొంత మిగిలేది.

పియెతా గోడ మీద 1548 నాటి ఒక రాతిఫలకం ఉంది. పోషించే స్థోమత ఉండి కూడా బిడ్డను ఇక్కడ వదిలివెళ్ళేవారికి శాపం తప్పదని, చర్చి వారిని వెలివేస్తుందని పోప్ ఆజ్ఞను అది చెబుతుంది. ఈనాటి ఆర్థిక సహాయ దరఖాస్తులో ఆదాయపు పన్ను కాగితాలు జతపరచమంటారు. ఆనాడు నరకం చూపించి బెదిరించారు, అంతే తేడా.

ఈ అమ్మాయిలు వినిపించేవారు గాని కనిపించేవారు కాదు. ఎత్తయిన గ్యాలరీలో లోహపు జాలీ వెనుక నిలబడి పాడేవారు. రూసో వెనిస్‌లో ఉన్నప్పుడు ఆ జాలీ చాటున అప్సరసలు ఉన్నారని ఊహించుకున్నాడు, పరిచయం సంపాదించి లోపలికి వెళ్ళాక నిరాశపడ్డాడు. ఒకరికి మశూచి మచ్చలు, ఒకరికి ఒక కన్ను లేదు. మళ్ళీ వారితో మాట్లాడాక, పాట విన్నాక వారంతా అందగత్తెలే అనిపించారని ఒప్పుకున్నాడు కూడా. మశూచి, పోషకాహార లోపం, తల్లి నుంచి సంక్రమించిన జబ్బులు, ఇవన్నీ దాటి ఆ గ్యాలరీ దాకా వచ్చిన పిల్లలు వారు. వారి మీద మరో షరతు ఉండేది. పెళ్ళి చేసుకుని బయటికి వెళితే ఇక బహిరంగంగా పాడకూడదు, వాయించకూడదు. నేర్పిన విద్య ధర్మశాల సొత్తు, మనిషి మాత్రం వెళ్ళిపోవచ్చు. చాలామంది వెళ్ళలేదు. అన్నా మరియా ఎనభై దాటేదాకా అక్కడే ఉంది.

18వ శతాబ్ది చివరలో ఈ ధర్మశాలలు ఒక్కొక్కటే దివాలా తీశాయి. 1795లో విప్లవ ఫ్రాన్స్ పారిస్‌లో ప్రభుత్వ సంగీత కళాశాల తెరిచింది. దాన్ని చూసి మిగిలిన దేశాలు తెరిచాయి. సంగీత విద్య దానధర్మాల చేతి నుంచి ప్రభుత్వాల చేతికి వెళ్ళింది. అమెరికాలో అలా జరగలేదు. అక్కడి ప్రభుత్వాలకు సంగీతం మీద పెద్ద పట్టింపు లేదు, ఆ ఖాళీలోకి ఊరి మనుషులు వచ్చారు.

అరెగన్ రాష్ట్రపు తూర్పు మూలన బర్న్స్ అనే ఊరు ఉంది. ఎటు చూసినా సేజ్‌బ్రష్ పొదలు, పశువుల మందలు. పోర్ట్‌లండ్ నగరం అక్కడికి సుమారు మూడు వందల మైళ్ళు. 1910 ప్రాంతాల మేరీ డాడ్జ్ అనే వయొలిన్ ఉపాధ్యాయురాలు అక్కడ కాపురం పెట్టింది. ఊళ్ళో పిల్లలకు వయొలిన్ వాయించి వినిపించింది, తరువాత నేర్పడం మొదలుపెట్టింది. వాద్యాలు లేకపోతే తానే కొనిపెట్టింది. పశువుల కాపరుల పిల్లలు, దుకాణాల పిల్లలు కలిసి ‘సేజ్‌బ్రష్ సింఫొనీ’ తయారైంది. ఆ పిల్లలను పోర్ట్‌లండ్‌కు తీసుకువెళ్ళి వాయింపించింది కూడా. ఎడారిలో ఆర్కెస్ట్రా ఏమిటని వినవచ్చినవారు ఆశ్చర్యపోయి ఉంటారు.

కొన్నేళ్ళకు ఆమె పోర్ట్‌లండ్ చేరి అక్కడి పిల్లలతో మళ్ళీ మొదలుపెట్టింది. పిల్లల సంఖ్య పెరిగేసరికి ఒక ఇంటి హాలు, ఒక ఉపాధ్యాయురాలి ఓపిక చాలలేదు. 1924లో ఊరివారు ఒక సంఘంగా ఏర్పడి పోర్ట్‌లండ్ జూనియర్ సింఫొనీని స్థాపించారు. అమెరికాలో యూత్ ఆర్కెస్ట్రాలన్నిటికీ అదే పెద్దక్క. కండక్టర్‌గా రష్యా విప్లవం తరువాత దేశం విడిచి వచ్చిన జాక్ గెర్ష్‌కోవిచ్‌ను పెట్టుకున్నారు. ఆయన 1953లో చనిపోయేదాకా పిల్లల ఎదుటే నిలబడ్డాడు. ఆయన తరువాత చైనాలో పుట్టిన జేకబ్ అవ్షలోమోవ్ నలభై ఏళ్ళు నడిపాడు. ఇద్దరు ప్రవాసులు కలిసి దాదాపు ఏడు దశాబ్దాలు ఆ ఊరి పిల్లలకు బీథోవెన్ నేర్పారన్నమాట. ఇప్పుడు దాని పేరు పోర్ట్‌లండ్ యూత్ ఫిల్‌హార్మోనిక్. ఈ నమూనానే తరువాత నగరం నగరం అందుకుంది: కండక్టర్‌కు జీతం, మిగిలిన చాకిరీ అంతా తల్లిదండ్రులది, ఊరి స్వచ్ఛంద సేవకులది. కుర్చీలు సర్దేది వారే, టికెట్లు చింపేది వారే, విరాళాలు పోగుచేసేది వారే.

ఇక్కడొక లెక్క తేడా వస్తుంది. డబ్బున్నవారి పిల్లలే చేరితే ఏమవుతుంది? అన్యాయమన్న మాట అలా ఉంచి, ముందు ఆర్కెస్ట్రానే తయారు కాదు. వయొలిన్ నాలుగేళ్ళ పిల్లకూ సరిపోయే చిన్న కొలతల్లో దొరుకుతుంది, నెలవారీ అద్దెకూ దొరుకుతుంది. పిల్లల చేత ఏదో ఒకటి నేర్పించాలనుకునే మధ్యతరగతి ఇల్లు అటే వెళుతుంది, తెలుగు ఇళ్ళు సరేసరి, మనకు ఎలాగూ కర్ణాటక సంగీతం పుణ్యమా అని వయొలిన్ సొంత వాద్యమే. అందువల్ల ప్రవేశ పరీక్షకు వయొలిన్ పిల్లలు బారులు తీరుతారు. కానీ సింఫొనీకి రెండు ఓబోలు కావాలి, రెండు బసూన్లు కావాలి, నాలుగు ఫ్రెంచ్ హార్న్‌లు, వరసగా డబుల్ బేస్‌లు, వయోలాలు కావాలి. విద్యార్థి స్థాయి బసూన్‌కే వేల డాలర్లవుతుంది. వేళ్ళు కాస్త సాగితే గాని రంధ్రాలు అందవు గనుక పదకొండు పన్నెండేళ్ళదాకా మొదలుపెట్టలేరు. దాని నోటిలో పెట్టుకునే జంట రెల్లుపుల్ల పగిలిపోతూ ఉంటుంది, మళ్ళీ కొనాలి. ద్వొజాక్ ‘కొత్త ప్రపంచం’ సింఫొనీ రెండవ భాగంలో ఆ ప్రసిద్ధమైన పాటను ఎత్తుకునేది ఓబో జాతికే చెందిన కోర్ ఆంగ్లే. అది వాయించే పిల్ల లేకపోతే వెనుక అరవై మంది ఉండీ ప్రయోజనం లేదు.

ఈ వాద్యాలను ఏ తల్లీ తండ్రీ తమంతట తాము కొనరు. ఎవరైనా కొని పిల్ల చేతిలో పెట్టాలి, పాఠం చెప్పించాలి, ఇంటి నుంచి సాధనకు రావడానికి బండి చూపించాలి. ఈ మూడవది మరిచిపోయిన ఆర్కెస్ట్రాలు సభ్యత్వ రుసుము రద్దు చేసి, పేద పిల్లలు ఎందుకు రావడం లేదని ఆశ్చర్యపోతుంటాయి. శనివారం కూడా పనిచేసే తల్లి ఏం చేస్తుంది? రుసుము కన్నా వారం వారం పాఠాల ఖర్చు ఎన్నో రెట్లు. కుర్చీ ఉచితంగా ఇచ్చి, ఆ కుర్చీ దాకా రావడానికి కావలసిన అయిదారేళ్ళ పాఠాలు ఇవ్వకపోతే ఆ ఉపకారం కాగితం మీదే. కాబట్టి ఉపకార వేతన నిధిని పేదలకు చేసే ధర్మంగా చూడడం పొరపాటు. ఆ నిధి లేకపోతే, వయొలిన్ నేర్చుకునే సంపన్నుల పిల్లకు తన వెనుక బసూన్ వినపడదు. ఇక్కడ ఎవరు ఎవరికి ఉపకారం చేస్తున్నట్టు?

ప్రభుత్వమే అంతా భరిస్తే ఈ బాధలు ఉండవు కదా అనుకునేవారు వెనిజువేలా వైపు చూపిస్తారు. 1975లో హోసే ఆంతోనియో అబ్రేయు కారకస్‌లో ఒక కారు షెడ్డులో పదకొండు మందితో సాధన మొదలుపెట్టాడు. ఆయన సంగీతజ్ఞుడే కాక ఆర్థికశాస్త్రవేత్త కూడా, ఏ మంత్రిత్వశాఖ తలుపు తట్టాలో తెలిసినవాడు. సాంస్కృతిక శాఖ డబ్బు కాక సామాజిక సంక్షేమపు డబ్బు అడిగాడు. ప్రభుత్వాలు మారినా డబ్బు ఆగలేదు. లక్షల మంది పిల్లలకు వాద్యం, పాఠం ఉచితంగా అందాయి. గుస్తావో దుదామెల్ అక్కడివాడే. 2017లో ప్రభుత్వ వ్యతిరేక ప్రదర్శనలో ఆ సంస్థలో శిక్షణ పొందిన ఒక యువ వయోలా వాద్యకారుడు చనిపోయాడు. అంతవరకు రాజకీయాలకు దూరంగా ఉన్న దుదామెల్ నోరు విప్పాడు. ఆ వేసవిలో జాతీయ యూత్ ఆర్కెస్ట్రాతో ఆయన అమెరికా వెళ్ళాల్సిన పర్యటన రద్దయింది. వాద్యం ఇచ్చిన చెయ్యే వేదిక కూడా లాగేసుకోగలదని ఆ పిల్లలకు తెలిసివచ్చింది.

స్వచ్ఛంద విరాళాలకు అలాంటి బెదిరింపు ఉండదు. వాటి వెల మరో రకం. దాతల విందులో వేతనం అందుకుంటున్న పిల్లవాణ్ణి నిలబెట్టి, వాయించమని, తన ఇంటి కష్టం రెండు మాటల్లో చెప్పమని అడగడం చాలాచోట్ల చూస్తాం. అడిగేవారికి చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు, విరాళాలు అలాగే వస్తాయి మరి. కానీ అతని పక్కన కూర్చుని వాయించే పిల్లలెవరూ తమ ఇంటి ఆదాయం చెప్పనక్కరలేదు. వారాలబ్బాయి అందరూ తిన్నాక తినడానికీ దీనికీ పెద్ద తేడా లేదు. కాస్త ఆలోచన ఉన్న సంస్థలు ఈ పద్ధతి మానేస్తున్నాయి. పిల్లల వాద్యం విని ఎంపిక చేసేవారు వేరు, ఆర్థిక పరిస్థితి చూసేవారు వేరు. ఆ రెండవ గదిలో ఎవరి పేరు వచ్చిందో కండక్టర్‌కు కూడా తెలియదు.

ఫిలడెల్ఫియా కథ ఇంకో రకం. 1908లో అక్కడి వలస కార్మికుల పేటలో ఇద్దరు యువతులు జీతం లేకుండా పిల్లలకు పియానో పాఠాలు మొదలుపెట్టారు. పాఠానికి అయిదు సెంట్లు. ఉచితమంటే విలువ ఉండదనో, అడుక్కున్నట్టు ఉండకూడదనో, ఏదైతేనేం, ఆ నాణెం పిల్లల చేతి నుంచే వచ్చేది. అది సెటిల్మెంట్ మ్యూజిక్ స్కూల్ అయింది. దానికి అండగా నిలిచి భవనం కట్టించిన మేరీ లూయీజ్ కర్టిస్ బాక్, 1924లో కర్టిస్ సంగీత విద్యాలయం స్థాపించింది. 1928 నుంచి అక్కడ ఏ విద్యార్థి నుంచీ రుసుము తీసుకోలేదు. ధనికుల బిడ్డ నుంచీ తీసుకోలేదు. ఎవరు పేద, ఎవరు కాదు అన్న ప్రశ్నే ఆ గుమ్మం దగ్గర లేకుండా పోయింది.

అదే నగరంలో అంతకు కొన్నేళ్ళ ముందు ఒక నల్లజాతి అమ్మాయి సంగీత పాఠశాల కిటికీ దగ్గర వరుసలో నిలబడింది. బొగ్గు, ఐసు అమ్మే తండ్రి చనిపోయాడు, తల్లి ఇళ్ళల్లో పనిచేసేది. కిటికీ వెనుక ఉన్న యువతి మిగిలినవారినందరినీ పలకరించి, ఆమె వంతు వచ్చేసరికి నల్లవారిని చేర్చుకోమని చెప్పి పంపేసింది. ఆ అమ్మాయి మేరియన్ ఆండర్సన్. ఆమె ఆరేళ్ళ నుంచి పాడుతున్న యూనియన్ బాప్టిస్ట్ చర్చిలోని మనుషులు చిల్లర పోగుచేశారు. తమకే బొటాబొటిగా గడిచే ఇళ్ళవారు. ‘మేరియన్ ఆండర్సన్ భవిష్యత్తు’ పేరుతోనే నిధి పెట్టి, కచేరీ ఏర్పాటు చేసి, పాఠాలకు డబ్బు కట్టారు. 1919లో ఏర్పడిన నల్లజాతి సంగీతజ్ఞుల జాతీయ సంఘం తన మొట్టమొదటి ఉపకార వేతనాన్ని ఆమెకే ఇచ్చింది.

1939 ఈస్టర్ రోజున లింకన్ స్మారకం మెట్ల మీద ఆమె పాడిన పాట విన్న డెబ్బై అయిదు వేల మంది గురించి అందరూ రాశారు. 1941లో ఫిలడెల్ఫియా నగరం ఆమెకు బాక్ పురస్కారం ఇచ్చింది, పది వేల డాలర్లు. ఆ పురస్కారాన్ని నెలకొల్పిన ఎడ్వర్డ్ బాక్, కర్టిస్ విద్యాలయం స్థాపించిన మేరీ లూయీజ్ భర్తే. ఆండర్సన్ ఆ డబ్బుతో యువ గాయకులకు ఉపకార వేతనం పెట్టింది. గెలిచినవారిలో తరువాత ఒపేరాల్లో వెలిగిన షర్లీ వెరెట్, గ్రేస్ బంబ్రీ ఉన్నారు. తొలి విజేతల్లో వర్జీనియాలోని డాన్విల్ నుంచి వచ్చిన కామిల్లా విలియమ్స్ ఉంది. ఆమె 1943లోనూ, మరుసటి ఏడూ ఆ వేతనం అందుకుంది. 1946లో న్యూయార్క్ సిటీ ఒపేరాలో ‘మదామ్ బటర్‌ఫ్లై’ పాత్ర పాడింది. అప్పటికి ఆండర్సన్‌కు మెట్రొపాలిటన్ ఒపేరా తలుపు ఇంకా తెరుచుకోలేదు. అది తెరుచుకున్నది 1955 జనవరిలో.